అయిదో మనిషిని నేనే

మా అమ్మ మా ఆయనతో ముఖాముఖి మాట్లాడి ఎరగదు. అల్లుడు వీధిలోంచి వస్తున్న చప్పుడైతే చాలు, తలుపు చాటుకి వెళ్ళిపోయేది. ఆయనకి ఏం కావాలన్నా నన్నడిగేది, ఏం చెప్పాలన్నా నాతో చెప్పేది. నేను పెరట్లో ఉంటే గోడకేసి చూస్తూ, "అల్లుడుగారికి మజ్జిగ సరిపోయిందో లేదో" అనేది. ఆయన కూడా ఆ గోడతోనే, "సరిపోయిందండి" అనేవారు. ఇద్దరి మధ్యా ఆ మర్యాద ఎంత గట్టిదంటే, ఒకే ఇంట్లో నెలల తరబడి ఉండి కూడా ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదేమోనని నా అనుమానం.

అలాంటి అల్లుడు ఒక రోజు నడిబజారులో అత్తగారిని అరెస్టు చెయ్యవలసి వచ్చింది. అత్తగారితో పాటు పెళ్ళాన్ని కూడా. ఆ రెండోదానికి కారణం నేనే గనక ఈ కథ చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

ముప్ఫైల నడిమి రోజులవి. మా ఆయన తాడేపల్లిగూడెం స్టేషన్లో హెడ్ కానిస్టేబులు. పోలీసు లైన్లలో ఒక గదీ, వంటిల్లూ మా కాపురం. నాకు ఇరవై నిండలేదు. తొలి కాన్పుకి నేను పుట్టింటికి వెళ్ళాలి గాని, ఆ ఏడు కొల్లేరు పొంగి మా లంక ఊరికి దారి లేకుండా పోయింది. అందుకని అమ్మే పడవెక్కి, బస్సెక్కి గూడెం వచ్చింది. పిల్ల పుట్టింది, నీళ్ళు తీశాయి, దారి తేలింది. అమ్మ మాత్రం వెళ్ళలేదు. "పిల్లకి మెడ నిలవనీ" అంది. మెడ నిలిచాక, "బోర్లా పడనీ" అంది. అసలు సంగతి నాకు తరవాత తెలిసింది. అమ్మని పట్టి ఉంచింది మనవరాలి మెడ కాదు, రైలు స్టేషను దగ్గర సాయంత్రాలు జరిగే సభలు.

కొత్త చట్టం వస్తోందనీ, కొత్త శాసనసభకి ఎన్నికలు జరుగుతాయనీ ఊరంతా ఒకటే మాటలు. కాని ఓటు ఎవరికి? పన్ను కట్టేవాళ్ళకి. భూమి లేనివాడికీ, మిల్లులో బస్తాలు మోసేవాడికీ ఓటెక్కడిది? ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు కలిసి, ఈడొచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఇవ్వాలని సభలు పెట్టేవారు. బియ్యం మిల్లుల కూలీలు పని దిగి, ఒంటి మీద తవుడుతోనే వచ్చి కూర్చునేవారు. మా అమ్మ సంచీ పట్టుకుని, "గూడెం వంకాయలు బాగుంటాయే" అంటూ బయల్దేరేది. చీకటి పడేవేళకి ఖాళీ సంచీతో, వెలిగిపోతున్న మొహంతో తిరిగి వచ్చేది. వంకాయలేవని అడిగితే, "పుచ్చులున్నాయి" అనేది. ఆ శీతాకాలమంతా గూడెంలో ఒక్క మంచి వంకాయ దొరకలేదు మాకు.

ఆవిడకి ఆ రుచి ఉండడం వింత కాదు. మా నాన్న లంక ఊళ్ళో వీధిబడి పంతులు. ఆయన పోయాక అమ్మే ఆ అరుగు మీద కూర్చుని పిల్లలకి అక్షరాలు దిద్దించింది. పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడడం, మాట వినని వాళ్ళని చూపుతో అదుపులో పెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అల్లుడి ఎదట మాత్రమే ఆ విద్య పనిచేసేది కాదు.

సభలు పెరిగేసరికి సర్కారు నూట నలభై నాలుగో సెక్షను పెట్టింది. అయిదుగురు ఒకచోట చేరకూడదని దండోరా వేయించారు. సభల్లో మాట్లాడే కుర్రాళ్ళని ముందే పట్టుకుపోయారు. ఇక గొడవ సద్దుమణిగిందని ఎస్సైగారు ఊపిరి పీల్చుకున్నారు. మంచివాడే పాపం. భారీ మనిషి, అజీర్తి రోగం, జేబులో ఎప్పుడూ శొంఠి పొడి. దొంగని కొట్టేముందు కూడా, "కాస్త ఇటు తిరగండి" అనే రకం. గోదావరి నీళ్ళ గుణం పోలీసుకి కూడా పడుతుంది మరి.

ఆయన ఊపిరి పీల్చుకున్న మర్నాడే ఆడవాళ్ళు బయల్దేరారు. నలుగురు ముందు, కాస్త ఎడంగా ఇంకో నలుగురు, వాళ్ళ వెనక మరో నలుగురు. ఏ గుంపులోనూ అయిదో మనిషి లేదు. ఎస్సైగారికి పాలుపోలేదు. ఎంత ఎడం ఉంటే గుంపు కానట్టో చెప్పమని పైఅధికారికి కబురు పెట్టారు. తగుమాత్రం ఎడం అని జవాబొచ్చింది. తగుమాత్రం అంటే ఎంతో ఎవరికి తెలుసు? నాలుగు లాఠీలు పొడుగ్గా పరిస్తే వచ్చే దూరం అని ఎస్సైగారే తీర్మానించి, ఆ దూరం కొలిచే పని మా ఆయనకి అప్పజెప్పారు. ఆయన లాఠీ రోడ్డు మీద పెడుతూ, తీస్తూ, వంగి నడుస్తుంటే చూసినవాళ్ళు ఆయన కూడా ఊరేగింపులో మనిషే అనుకున్నారట.

మొదటి నలుగురిలో మా అమ్మ ఉందని ఆయన మొదటిరోజే చూశారు. ఇంటికొచ్చారు. అన్నం తింటూ నాతో, "బజార్లో ఎండ ఎక్కువగా ఉంది. పెద్దవాళ్ళు తల మీద కొంగు కప్పుకుంటే మంచిది" అన్నారు. తలుపు వెనకాల గాజులు కదిలాయి. అంతే.

తరవాత మూడో రోజో నాలుగో రోజో, అమ్మ వెళ్ళిన కాసేపటికి పిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. కడుపునొప్పి. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తే తగ్గుతుంది. ఆ కొమ్ము ఎక్కడుందో నాకు తెలియదు. ఇల్లంతా వెదికాను. పిల్ల నీలంగా అయిపోతోంది. చంకనేసుకుని బజారుకి పరిగెత్తాను.

అమ్మ బట్టల కొట్ల ముందు నడుస్తోంది, ముగ్గురు ఆడవాళ్ళతో.

"అమ్మా, వసకొమ్ము ఎక్కడ పెట్టావే?"

"నా కొంగునే ఉంది. ఆగకు, నడుస్తూ తీసుకో. నేనాగితే వెనకవాళ్ళొచ్చి మా మీద పడతారు, ఎనిమిదిమందిమైపోతాం" అంటూ అమ్మ కొంగుముడి విప్పడం మొదలెట్టింది. ఆ ముడి ఎప్పుడూ పీటముడే. నేను పక్కన నడుస్తున్నాను. ఈల మోగింది.

ఎస్సైగారు ఆయాసపడుతూ వచ్చారు. "ఆగండమ్మా, అందరూ ఆగండి. హెడ్డుగారూ, లెక్కపెట్టండి."

మా ఆయన లెక్కపెట్టారు. మొహం తెల్లబోయింది. "నలుగురండి."

"సరిగ్గా చూసి చెప్పండి."

"నలుగురూ... మా ఆవిడా అండి."

"అంటే మీ ఆవిడ మనిషి కాదా అండీ?"

బజారు బజారంతా ఘొల్లుమంది. ఎస్సైగారు వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగారు. ఆయనకి సెక్షను బాధ తప్ప ఇంకేమీ కనబడడం లేదు. ఇన్నాళ్ళకి చేతికి చిక్కిన అయిదో మనిషిని ఎలా వదులుతారు?

అమ్మ నావైపు తిరిగి, అందరికీ వినబడేలా అంది: "అల్లుడుగారితో చెప్పవే, పిల్లని కూడా లెక్కలో వేసుకోమని. రేపు దానికీ కావాలి ఓటు."

స్టేషన్లో ఖైదీలని పెట్టే కొట్టు ఒకటే. అందులో అప్పటికే కుర్రాళ్ళు కిటకిటలాడుతున్నారు. ఆడవాళ్ళని పెట్టే చోటు లేదు. అప్పట్లో ఇలాంటివాళ్ళకి ఒక పద్ధతి కనిపెట్టి ఉంచారు. బస్సులో ఎక్కించి, దూరంగా ఎక్కడో తీసుకుపోయి దింపేసి రావడం. కేసు లేదు, జైలు లేదు. కాళ్ళీడ్చుకుంటూ నడిచొచ్చేసరికి పౌరుషం చల్లారుతుందని వాళ్ళ ఆశ.

"మనుషులు లేని వైపు తీసుకెళ్ళండి హెడ్డుగారూ. సాయంత్రం బస్సు దొరక్కూడదు" అన్నారు ఎస్సైగారు.

బస్సు గణపవరం మీదుగా కొల్లేరు దారి పట్టింది. ఆ దారి డ్రైవరు చెప్పాడో, మా ఆయన చెప్పారో ఈనాటికీ నాకు తెలియదు. ఎన్నిసార్లడిగినా, "డ్యూటీ సంగతులు ఇంట్లో చెప్పకూడదు" అనేవారు. ఆయన ముందు సీట్లో కట్టెలా కూర్చున్నారు, వెనక్కి తిరిగితే ఒట్టు. ఊరు దాటగానే ఆడవాళ్ళు పాటలెత్తుకున్నారు. గూడెం హద్దుల్లో పాటలు నిషేధం. కాలవ గట్టు మీద ఎవరికి నిషేధం? వెనక కూర్చున్న కానిస్టేబులు తొడ మీద తాళం వేస్తున్నాడు. వస నాకించాక పిల్ల హాయిగా నిద్రపోయింది.

కొల్లేటి గట్టు దగ్గర బస్సాపి, "దిగండి" అన్నారు మా ఆయన, గాలికేసి చూస్తూ. దిగి చూద్దుము గదా, ఎదురుగా నీళ్ళవతల మా ఊరి తాటిచెట్లు. మాతో ఉన్న ముగ్గుర్లో ఇద్దరిది కూడా ఆ చుట్టుపక్కలే. కూలికి గూడెం వచ్చినవాళ్ళు. సర్కారు ఖర్చుతో మమ్మల్ని పుట్టిళ్ళకి దింపారన్నమాట.

బస్సు వెనక్కి తిరగబోయింది. వరద దిగిన గట్టు అది, పైకి గట్టిగా కనబడుతుంది. వెనక చక్రం ఇరుసుదాకా దిగబడిపోయింది. మేం దోనె ఎక్కి ఊళ్ళోకి వెళ్ళాం. పోలీసులు గట్టు మీద మిగిలిపోయారు.

అమ్మ గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ ఆగిపోయింది. "అల్లుడుగారు ఎండలో నిలబడి ఉండగా మనం తింటే ముద్ద దిగుతుందటే? దోనె పంపు."

దోనె వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. డ్యూటీలో ఉన్నానన్నారట.

"కొల్లేటి ఒడ్డున డ్యూటీ ఏముందో కనుక్కోరా. బాతుల్ని చెదరగొట్టడమా?" అంది అమ్మ దోనెవాడితో. "పెళ్ళయ్యాక ఊరి ముందుకొచ్చి గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోతే ఊరువాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారని చెప్పు."

రెండోసారి వచ్చారు. వెనకాల కానిస్టేబుళ్ళూ, డ్రైవరూ. ఇరవై ఇళ్ళ ఊరు, ఎర్ర టోపీలు చూసి పిల్లలు గడ్డివాముల్లో దాక్కున్నారు. అమ్మ కొరమీను పులుసు పెట్టింది. అరెస్టయిన నేనే వడ్డించాను. మా ఆయన బెల్టు వదులు చేసుకుని, మూడోసారి అన్నం కలుపుకుంటూ, తలుపు వైపు కాక నా వైపు చూస్తూ అన్నారు: "మీ అమ్మగారికి లోటేముందని ఈ ఎండలో తిరగడం? ఆడవాళ్ళకి ఓటెందుకో నాకు బోధపడడం లేదు."

తలుపు వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది, బడిలో పాఠం చెప్పే గొంతు.

"చెప్పవే. మొన్న వరదకి ఈ ఊళ్ళో సగం ఇళ్ళు పడిపోయాయని చెప్పు. ఉప్పుటేరు పూడిక తీస్తే నీళ్ళు సముద్రంలోకి పోతాయి. తియ్యమని అర్జీ పెట్టుకుంటే, మీ ఊళ్ళో ఓట్లెన్ని అని అడిగారు. పన్ను కట్టేవాళ్ళు ఎంతమంది ఇక్కడ? చేపలు పట్టుకునేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కోసేవాళ్ళూను. నీళ్ళు మా ఇళ్ళలోకొస్తాయి, మాట మాత్రం వేరేవాళ్ళ ఇళ్ళలోంచి పోతుంది. ఆడదానికెందుకు అని అడుగుతున్నారు గదా, ఆ నీళ్ళు ఆడవాళ్ళని చూసి పక్కకి తప్పుకు పోలేదని చెప్పు."

మా ఆయన తినడం ఆపారు. కానిస్టేబుళ్ళు ఆకుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆయన, "పులుసు చాలా బాగుందని చెప్పు" అన్నారు. తరవాత ఊళ్ళో మగవాళ్ళు తాళ్ళు కట్టి, గేదెల్ని పూన్చి బస్సుని పైకి లాగారు. పాటలు పాడిన ఆడవాళ్ళు కూడా వెనకనుంచి తోశారు. అపాయకరమైన వాళ్ళని దూరప్రాంతంలో విడిచిపెట్టామని మా ఆయన ఎస్సైగారికి చెప్పుకున్నారు.

ఆ వారంలోనే అమ్మ మళ్ళీ గూడెం బజార్లో ప్రత్యక్షమైంది. ఆవిణ్ణి చూసి ఎస్సైగారు శొంఠి పొడి నోట్లో వేసుకుని, "మళ్ళీ వచ్చారా అండీ" అన్నారట. "ఆయ్, వచ్చామండి" అందట అమ్మ.

అన్నీ ఇలా నవ్వులతో పోలేదు. ఆ ఎండాకాలం ఏలూరులో పెద్ద ఊరేగింపు తీశారు. కొల్లేటి ఊళ్ళనుంచీ, గూడెం మిల్లులనుంచీ, ముదినేపల్లి వైపునుంచీ జనం కలెక్టరు కచేరీకి నడిచారు. అక్కడ మా ఎస్సైగారి మర్యాదలు లేవు. పై ఊళ్ళనుంచి రిజర్వు పోలీసుల్ని దింపారు. గూడెంనుంచి మా ఆయన్నీ పిలిపించారు. కచేరీ ముందు జనం కూర్చున్నారు. లేవమన్నారు, లేవలేదు. పోలీసుల పైఅధికారి దొరగారు కొట్టమని చెయ్యి ఊపారు.

ఆ జనంలో అమ్మ ఉంది. నేను చూడలేదు. మర్నాడు ఏలూరు పవరుపేటలో దూరపు బంధువుల ఇంట్లో అమ్మని చూశాను. ఎడం చెయ్యి మోచేతినుంచి మణికట్టు దాకా వాచి, నల్లబడి ఉంది. మిల్లు కూలీ ఒకడు తల పగిలి ఆస్పత్రిలో ఉన్నాడు. నేను ఏడుస్తుంటే అమ్మే నన్ను ఊరుకోబెట్టింది. "ఎవరో కుర్రవాడే. మీసం కూడా రాలేదు. కొట్టేసి, నా మొహం చూసి తనే బావురుమన్నాడు. వాళ్ళమ్మ గుర్తొచ్చి ఉంటుంది." ఆ చెయ్యి ఆ తరవాత ఏనాడూ తిన్నగా చాపలేకపోయింది.

మా ఆయన ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం ముట్టలేదు. మీరూ కొట్టారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే చెప్పారు. "కొట్టమన్నారు. కొట్టాను. నేలని కొట్టాను. రోడ్డు మీద దుమ్ము లేచేలా కొట్టాను."

ఆ దుమ్ము దొరగారి కంట పడింది. మిగతావాళ్ళ దగ్గర లేవని దుమ్ము ఈ లాఠీ దగ్గరే ఎందుకు లేచిందని విచారణ పెట్టారు. ఉద్యోగం పోతుందనుకున్నాం. చివరికి శిక్ష కింద, మనుషులు మసలని చోటికి బదిలీ చేశారు. కొల్లేటి గట్టు మీద, మా అమ్మ ఊరికి కూతవేటు దూరంలో ఒక అవుట్ పోస్టు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకోవాలంటే ఎంతో ఖర్చుపెట్టాలి. మా అమ్మకి సర్కారే తెచ్చి అప్పజెప్పింది. ఎస్సైగారు వీడ్కోలు చెబుతూ, "అక్కడ చేపలు అరుగుతాయా అండీ" అని మాత్రం అడిగారు.

ఎన్నికలు వచ్చేసరికి చట్టంలో ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారని తెలిసింది. పన్ను కట్టకపోయినా, చదువొచ్చినట్టు రుజువు చేసుకుంటే ఓటిస్తారట. రుజువు చూడడానికి వచ్చిన కరణంగారు మా నాన్న బళ్ళో అక్షరాలు దిద్దినవాడే. అరుగు దగ్గర నిలబడి, నసిగి, "అమ్మగారూ, మీకు చదువొచ్చా అని అడగమన్నారండి" అని తల దించుకున్నాడు. నాకు ఓటు రాలేదు. చదువుంది, ఈడు చాలలేదు.

ఓటొచ్చిందన్న సంతోషం అమ్మకి ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తనతో గూడెం బజార్లో నడిచిన చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి అరుగు ముందు కూర్చున్నారు.

"మీకొచ్చిందండి. మరి మేం నడిచిన నడకంతా ఏటయిపోయిందండి?" అంది వాళ్ళలో ఒకావిడ.

ఆ రాత్రంతా ఏం ఆలోచించుకుందో, తెల్లారగానే ఊరందరినీ పిలిచింది. "ఈ ఓటు నాది కాదు, ఊరిది. ఎవరికి వెయ్యమంటారో మీరే చెప్పండి. చేతులెత్తండి."

పొద్దెక్కేదాకా వాదించుకున్నారు. అమ్మ మనసులో ఒకాయన ఉన్నాడు, చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఊరు రెండో ఆయన్ని కోరింది. గొంతు పెద్దది, ఉప్పుటేరు మొత్తం తవ్విస్తానని మాటిచ్చాడు. చేతులు చూస్తే అమ్మ వైపు లేచినవి మరీ తక్కువ.

"మీకు మతి ఉందా?" అంది అమ్మ.

"మీరే గదండీ ఎత్తమన్నారు" అన్నారు వాళ్ళు.

పోలింగు రోజున ఊరంతా అమ్మ వెంట పడవల్లో బయల్దేరింది. అక్కడ బందోబస్తు మా ఆయనదే. తాడు కట్టి, "ఓటున్నవాళ్ళే లోపలికి" అంటున్నారు. "మా ఓటు ఆవిడ దగ్గరుందండి" అని జనం తాడు బయట చతికిలబడ్డారు. అమ్మ లోపలికి వెళ్ళి, కాసేపటికి మొహం ముడుచుకుని బయటికొచ్చింది.

"మేం చెప్పినాయనకే వేశారా?"

"వేశాను. చెయ్యి రాలేదు, అయినా వేశాను."

"ఎవరికి వేశారో పైకి చెప్పకూడదండి, చట్టం" అన్నారు మా ఆయన, తాటిచెట్టుకేసి చూస్తూ.

ఆ పెద్ద గొంతు ఆయనే గెలిచాడు. గెలిచాక కొల్లేటి వైపు ఒక్కసారి వచ్చాడు, బాతుల వేటకి. ఊరు ఊరంతా అమ్మకి మొహం చూపించలేక తిరిగింది. అమ్మ ఎత్తిపొడుపులు మాత్రం ఏడాదిపాటు ఆగలేదు. చేపల గంప దించిన మనిషినల్లా, "చెయ్యెత్తావుగా, అనుభవించు" అనేది.

కాని ఆ ఏడే ఒక పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక, గూడెంలో తనతో నడిచినవాళ్ళతో పాటు ఊళ్ళో ఆడవాళ్ళందరినీ అరుగు మీద కూర్చోబెట్టి పలకలిచ్చింది. "మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి కరణంగారు మీ గుమ్మాలన్నీ తిరగాలి" అంది. రోజూ పాతికమంది ఆడవాళ్ళు ఒకచోట చేరుతున్నారని స్టేషనుకి కబురు పోయింది. సంగతేమిటో కనుక్కోమని మా ఆయనకి తాఖీదు వచ్చింది. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళి, అరుగు చివర కూర్చుని, చాలాసేపు చూశారు. చేపల వాసనా, బలపాల కీచూ. అందరికంటే పెద్దావిడ ఒకామె 'క' కి తలకట్టు పెట్టలేక తంటాలు పడుతోంది. ఆయన లేచి వెళ్ళి, వంగి, ఆవిడ చెయ్యి పట్టుకుని దిద్దించారు.